యజమాని మూర

నిన్న సాయంత్రం ఊడ్చిన చోటే పొద్దున్నకల్లా మళ్ళీ మన్ను రాలి ఉంది. దేవకుమారి చీపురు పట్టుకుని వెనక గది మధ్యలో నిలబడి తలెత్తి చూసింది. అడ్డంగా ఉన్న వేపదూలం చూడ్డానికి దిట్టంగానే ఉంది గానీ, దాని పొట్ట పొడవునా చెదలు మట్టి గీతలు గీసేశాయి. చీపురు కట్టతో పొడిస్తే పెచ్చు ఊడింది. లోపల ఉన్నది కర్ర కాదు, పొడి. ఈ ఇంట్లో చప్పుడు లేకుండా, మెచ్చుకునే దిక్కు లేకుండా, రాత్రనక పగలనక పనిచేసేది తనొక్కతే అని ఇన్నాళ్ళూ అనుకుంది. తోడున్నారన్నమాట. ఆ ఊహకి తనలో తనే నవ్వుకుంది. జోకు వేసినా వినడానికి ఎవరూ లేరు కాబట్టి నవ్వు అక్కడితో ఆపేసి ఊడవడం మొదలుపెట్టింది.

గేటు చప్పుడైంది. వడ్రంగి బుడాన్ లోపలికి తొంగిచూశాడు.

"సార్ ఉన్నారామ్మా?"

సార్ లేడని బుడాన్‌కి తెలుసు. నిన్న సారే గుంటూరు నుంచి ఫోన్ చేసి దూలం చూసి రమ్మన్నాడు. అయినా అడిగాడు. అతని తప్పేం లేదు, గేటు దగ్గర అందరూ అడిగేది అదే. కరెంటు మీటరు చూసేవాడు, గ్యాసు బండ తెచ్చేవాడు, పురుగుమందుల కంపెనీ నుంచి వచ్చేవాడు, ఓట్లడిగేవాళ్ళు, అందరికీ ఆమె మొహం చూడగానే గుర్తొచ్చే ప్రశ్న అదొక్కటే. ఆమె తలుపు తీసిందంటే ఇంట్లో ఎవరూ లేరని లెక్క. మొదట్లో "లేరండీ, నేనున్నాను" అనేది. మొదటి ముక్క విని "మళ్ళీ వస్తాం లెండి" అని వెళ్ళిపోయేవాళ్ళు తప్ప ఆ రెండో ముక్కని పట్టించుకున్నవాళ్ళు లేరు. పోనుపోను ఆమే దాన్ని వదిలేసింది. ఇవాళ కూడా "లేరు" అని ఊరుకుంది.

శ్రీకృష్ణకి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో భాగముంది. శనివారం రాత్రి వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. వచ్చేటప్పుడు వారం రోజుల మాసిన బట్టలు సంచిలో కుక్కి తెస్తాడు. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ బట్టలూ పచ్చడి సీసాలూ తీసుకెళ్తాడు. మిగతా వారమంతా ఇల్లూ గేదే పొలమూ ఆమె మీదే. పత్తి తీతలకి కూలోళ్ళని మాట్లాడటం, మందు కొట్టేవాళ్ళకి క్యారేజీలు కట్టడం, కల్లంలో మిరపకాయ ఎండబోసినప్పుడు మబ్బు కనిపిస్తే పట్టాలు పట్టుకుని పరుగెత్తడం, తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కూచుని పొద్దుగూకేదాకా తుమ్మడం, అన్నీ ఆమే. అయినా ఎవరైనా అడిగితే "మా ఆవిడ ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు శ్రీకృష్ణ. పెళ్ళయిన కొత్తలో ఇంకొల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. పత్తి తీతల రోజుల్లో సెలవు దొరక్కపోతే, "పిల్లలకి అ ఆలు ఎవరైనా చెబుతారు కుమారీ. మన పత్తి ఎవరు తీయిస్తారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమె బడి మానేసింది. అతను ఎప్పుడూ కోప్పడడు, చెయ్యెత్తడు, తాగి రాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె అదృష్టం గురించి ఆమెకే చెబుతుంటారు. కోప్పడే మొగుడికైతే ఎదురు చెప్పొచ్చు. నవ్వే మొగుడికి ఎదురు చెబితే చూసేవాళ్ళకి పెళ్ళామే గయ్యాళిలా కనబడుతుంది. అందుకని ఇరవై నాలుగేళ్ళుగా ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

బుడాన్ గదంతా తిరిగి చూశాడు. దూలం మీద సుత్తితో తట్టి చెవి ఆనించి విన్నాడు. ద్వారబంధం కిందికి వంగి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అది పిడి దాకా దిగిపోయింది. "గడప కూడా పోయిందమ్మా" అని, ఆమె ఏదో చెప్పబోయేలోపే జేబులోంచి ఫోన్ తీసి శ్రీకృష్ణకి వీడియో కాల్ చేశాడు. మగవాళ్ళిద్దరూ ఆమె తలమీదుగా మాట్లాడుకున్నారు. దూలం మార్చెయ్ అన్నాడు శ్రీకృష్ణ. ఎటూ ద్వారబంధం మారుస్తున్నావు గనక వాకిలి వెడల్పు చేసి రెండు రెక్కలు పెట్టమన్నాడు, పత్తి కుక్కిన పెద్ద గోనె బోరాలు ఈడ్చలేక కూలోళ్ళు తిడుతున్నారు. కిటికీ పీకేసి ఇటుక కట్టించెయ్ అన్నాడు, జల్లు కొట్టి పోయినేడు పత్తి రంగు మారింది.

"కిటికీ ఉండనీండి" అంది దేవకుమారి.

ఫోన్లో శ్రీకృష్ణ మొహం అటూ ఇటూ చూసింది. "ఎవరది?"

"అమ్మగారండీ" అన్నాడు బుడాన్.

"ఆఁ కుమారీ, ఆయనకి టీ ఇచ్చావా?" అన్నాడు శ్రీకృష్ణ.

ఇచ్చింది. టీ గిన్నె కడిగి బోర్లించి వచ్చేసరికి గది భవిష్యత్తు తేలిపోయింది.

ధర లేదని పత్తి ఇంట్లో పోసుకోవడం ఆ పల్లెల్లో అందరూ చేసే పనే. తీతలు మొదలైన దగ్గర్నుంచీ ఎండాకాలం దాకా, ప్రతి ఇంట్లో ఒక గది పైకప్పు దాకా పత్తితో నిండి ఉంటుంది. ఆ ఇంట్లో మనుషులు మిగిలిన చోట్లో సర్దుకుంటారు. పత్తిలోని పురుగు కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే కొబ్బరినూనె రాసుకుంటారు. దేవకుమారి ఇంట్లో ఆ గది ఇదే. మొదట్లో ఇది వాళ్ళిద్దరి గది, తర్వాత కూతురు తేజశ్రీతో కలిసి ఆమె పడుకున్న గది. తేజశ్రీ ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిన ఏడే "ఎటూ ఖాళీగా ఉందిగా" అని శ్రీకృష్ణ పత్తి పోయించాడు. అందులో రోజూ ఒక మనిషి పడుకుంటోందన్న సంగతి అతనికి తోచలేదు. దేవకుమారి మంచం హాలుకీ వంటింటికీ మధ్య నడవలోకి మారింది. హాల్లో వేసుకోవచ్చుగా అనుకుంటారేమో, హాలు మగవాళ్ళది. అక్కడ సోఫాలు, అద్దాల బీరువా, దుమ్ము పడకుండా దుప్పటి కప్పిన టీపాయి. ఆదివారం నలుగురు వచ్చి కూచుంటారు. మిగిలిన రోజుల్లో ఆ సోఫాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి.

పోయినేడు తేజశ్రీ సెలవు పెట్టుకుని వచ్చింది. వారం ఉంటానంది. నడవలో అమ్మ పక్కన పడుకుంది. మర్నాటికి మెడ నిండా దద్దుర్లు, రెండో రోజుకి కళ్ళు వాచాయి. మూడో రోజు బస్సెక్కుతూ అడిగింది, "అమ్మా, అసలు ఈ ఇంట్లో నువ్వెక్కడుంటావ్?" అని. "ఎక్కడేంటే, ఇక్కడే" అంది దేవకుమారి. బస్సు వెళ్ళిపోయాక ఆ 'ఇక్కడ' ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. గ్రైండరు పక్కన ఒక తలగడ, మంచం కింద ఒక ట్రంకుపెట్టె. ఒక మనిషి ఉన్నట్టు గుర్తులు అంతే.

అత్తగారు రాజ్యమ్మ బతికున్న రోజుల్లో ఒకసారి, మధ్యాహ్నం పూట ఈ గది తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటే ఆవిడ వచ్చి తలుపు బార్లా తీసింది. "ఆడదానికి తలుపేసుకునే పనేముంటదే? వంటిల్లంతా నీదేగా" అంది. చెడ్డ మనిషేం కాదు రాజ్యమ్మ. ఆవిడా అలాగే బతికింది. చివరి రోజుల్లో మంచం ఎక్కడ వెయ్యాలో తెలియక ముగ్గురు కొడుకుల ఇళ్ళల్లోనూ వరండాల్లోనే వేశారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు దేవకుమారికి ఆవిడ మీద కోపం పోయి భయం పట్టుకుంటుంది.

పని మొదలైంది. చీరాల కలప డిపో నుంచి టేకు దూలం వచ్చింది. సరుగుడు బాదులు నిలబెట్టి పాత దూలానికి ఆసరా పెట్టారు. పైనున్న పెంకులు తీసి పెరట్లో పేర్చారు. బుడాన్‌తో పాటు నలుగురు కూలీలు. రంపం మిషను మోత, సుత్తుల చప్పుడు, ఒరేయ్ అంటే ఏరా అని అరుపులు. దేవకుమారికి పని రెట్టింపయింది. టీలు, అన్నాలు, రంపపుపొట్టు ఊడ్చుకోవడం, మళ్ళీ టీలు. అయినా ఆ రోజుల్లో ఆమెకి హాయిగానే ఉంది. పిలవడానికైనా, ఉప్పు తక్కువైందని చెప్పడానికైనా ఇంట్లో మనుషుల గొంతులున్నాయి. సాయంత్రం వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక వచ్చే నిశ్శబ్దమే అంతకుముందుకన్నా బరువుగా ఉండేది. టీవీ పెట్టుకుని, సీరియల్లో ఎవరో ఎవరినో తిడుతుంటే వింటూ, నిలబడే అన్నం తినేసేది. కూచుని తినాలంటే ఎదురుగా ఎవరైనా ఉండాలనిపిస్తుంది.

పెంకులు తీసిన రెండో రోజు, కూలోళ్ళు వెళ్ళాక ఆమె గదిలోకి వెళ్ళింది. నెత్తిన కప్పు లేదు. గది నిండా ఆకాశం. అన్నేళ్ళుగా అంత వెలుతురు ఆ గోడలు చూసి ఉండవు. కిటికీ పక్క గోడ మీద, మంచం తలాపి ఉండే చోట, బొట్టుబిళ్ళలు వరసగా అతికించి ఉన్నాయి. పడుకునే ముందు నుదుటి మీంచి తీసి అక్కడ అంటించేది. ఎర్రవి, మెరూన్‌వి, తేజశ్రీ చిన్నప్పుడు పెట్టుకున్న నల్లచుక్కలు. పత్తి రాపిడికి రంగు పోయినా కొన్ని ఇంకా ఊడలేదు. ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూచుంది. కిటికీలోంచి పక్కవాళ్ళ కంది చేను కనిపిస్తోంది. ఎవరో ఆడమనిషి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడుస్తోంది. దేవకుమారికి ఏడుపొచ్చింది. ఎందుకో తెలియని ఏడుపు కాదు, స్పష్టంగా తెలిసిన ఏడుపే. నాకీ గది కావాలి. ఇందులో నా మంచం వేసుకోవాలి, కిటికీ తీసుకుని ఆ చేను చూడాలి, తలుపు వేసుకుని పట్టపగలు పడుకోవాలి. ఎవరూ రాకపోయినా సరే. ఒక్కదాన్నే ఉండాలన్నా అందుకు ఒక చోటుండాలి. నడవలో ఉంటే ఒంటరిగా ఉన్నట్టు కూడా ఉండదు, ఎవరో మరిచిపోయి వదిలేసిన సామానులా ఉంటుంది.

ఆ ఆదివారం శ్రీకృష్ణ భోజనం చేస్తుంటే మజ్జిగ పోస్తూ చెప్పింది. ఈసారి పత్తి వెనక గదిలో వద్దని, హాల్లో పోద్దామని, వెనక గది తను ఉంచుకుంటానని. శ్రీకృష్ణ నవ్వాడు.

"హాల్లో పత్తి పోస్తే వచ్చినోళ్ళని నీ వంటింట్లో కూచోబెడతావా? అయినా నీకు గదెందుకు కుమారీ? నేనా ఊళ్ళో ఉండను, పిల్లా ఉండదు. ఇల్లంతా నువ్వే ఏలుకుంటున్నావు."

నిజమే కదా అనిపించేలా మాట్లాడటం అతనికి బాగా వచ్చు. అతను చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళి నలుగురితో ధరల గురించి మాట్లాడుతుంటే, ఆమె కాఫీలు కలిపి ట్రే పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఏలుకుంటున్న ఇంట్లో కూచోవడానికి ఎక్కడ కుర్చీ ఉందా అని చూసింది. కాఫీలు చల్లారకముందే తీసుకెళ్ళి ఇచ్చింది.

సోమవారానికి దూలం పైకెక్కింది, పెంకులు కప్పారు. ఇక ద్వారబంధమూ తలుపులూ మిగిలాయి. కిటికీ పీకడానికి గునపం గోడకి ఆనించి ఉంది. మధ్యాహ్నం కూలోళ్ళు అన్నాలకి వెళ్ళారు. బుడాన్ ఒక సన్నటి కొత్త బద్దని చిత్రిక పట్టి, నున్నగా చేసి తెచ్చాడు.

"యజమాని మూర కావాలమ్మా" అన్నాడు.

బుడాన్‌కి పని నేర్పింది ఊళ్ళో ఒకప్పుడున్న బ్రహ్మయ్య ఆచారి. ఆచారి గారు పోయి చాలా కాలమైనా ఆయన పద్ధతి ఇతను వదల్లేదు. నా నమాజు నాది, పని మాత్రం ఆచారి గారిది అంటుంటాడు. ఏ ఇంట్లో ద్వారబంధం ఎత్తినా ముందు ఆ ఇంటి యజమాని చేతిని, మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, బద్ద మీద పెట్టి గాటు పెడతాడు. వాకిలి ఎత్తూ వెడల్పూ ఆ మూర లెక్కనే. టేపు తర్వాత సంగతి. వేరేవాళ్ళ మూరతో బిగిస్తే రేపు ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా వడ్రంగినే అంటారని అతని భయం.

మళ్ళీ ఫోన్. శ్రీకృష్ణ యార్డులో ఉన్నాడు, వెనక మిరప బస్తాల టిక్కీలు దించుతున్న కేకలు. గుమాస్తా చేత టేపుతో కొలిపించి అంకె పంపిస్తానన్నాడు. అంకె పనికిరాదన్నాడు బుడాన్. మనిషి బద్ద మీద చెయ్యి ఆనించాలి, మరీ రాలేకపోతే ఆ మనిషి ఒంటి మీంచి విడిచిన బట్ట, అదీ ఉతకనిది, దాంతో కొలుచుకోవచ్చని గురువుగారు చెప్పారన్నాడు.

"ఇంకేం, మూటెడు పడున్నాయి. కుమారీ, నిన్న విడిచిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఆయనకి ఇయ్యి" అని పెట్టేశాడు శ్రీకృష్ణ.

ఆమె మాసిన బట్టల సంచి విప్పి చొక్కా తీసింది. మిరప ఘాటు గుప్పుమంది. ఆమె తుమ్మింది, ఆ వెంటనే బుడాన్ తుమ్మాడు. చొక్కాని పని బల్ల మీద పరిచి దాని చెయ్యి సాపు చేశాడు. కఫ్ దాకా చొక్కా చెబుతుంది, అరచేతికి జానెడు కలుపుకుంటానన్నాడు. అంతవరకూ బాగానే ఉంది గానీ మోచెయ్యి ఎక్కడుందో చొక్కా చెప్పలేదు. ఒకసారి ఇక్కడన్నాడు, ఒకసారి అక్కడన్నాడు. సాగదీస్తే ఒక కొలత, వదిలేస్తే ఒక కొలత. చెమట తుడుచుకుని కాసేపు ఆలోచించాడు.

"అమ్మా, మీ చెయ్యి ఒకసారి ఇందులో పెట్టండి. చొక్కా నిలబడుద్ది."

దేవకుమారి చెయ్యి పెట్టింది. కఫ్ ఆమె వేళ్ళని పూర్తిగా మింగేసి ఇంకా మిగిలింది. గాజులు లోపల ఎక్కడో చిక్కుకుని చప్పుడు ఆపేశాయి. "ఆఁ, అట్టా. కదలమాకండి" అని బుడాన్ బద్ద ఆనించాడు. ఆమె కదల్లేదు. బల్ల మీదున్న చేతిని చూసింది. చూడ్డానికి అది శ్రీకృష్ణ చెయ్యే. మాసిన కఫ్, ఊడబోతున్న బొత్తాం. దాన్ని నిలబెట్టి ఉంచింది మాత్రం లోపలున్న చెయ్యి. అది బయటికి ఎక్కడా కనబడటం లేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో తను చేసింది ఇదే కదా అనిపించింది. పత్తి తీయించింది తను, పత్తి శ్రీకృష్ణది. కాయ ఎండబోసింది తను, కాయ శ్రీకృష్ణది. ఖాళీ చొక్కా చేతుల్లో తన చెయ్యి పెట్టి నిలబెట్టింది, కొలతలు ఆ చేతులకే పడ్డాయి. ఇంత చిన్న సంగతి కనిపించడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు ఆమెకి సిగ్గేసింది, వెంటనే బాధేసింది. ఆ బాధ చెప్పుకోవడానికి ఆ ఇంట్లో తనూ, కళ్ళు చిట్లించి చొక్కా మోచెయ్యి వెతుకుతున్న ఈ మనిషీ తప్ప ఎవరూ లేరు.

"బుడానూ, యజమాని అంటే ఎవరు?" అంది.

"అదేందమ్మా, ఇల్లు ఎవరిదైతే వాళ్ళు."

ఇల్లు ఆమెది. అదేం రహస్యం కాదు, ఊరంతటికీ తెలుసు. ఆరేళ్ళ క్రితం శ్రీకృష్ణ ఎవరికో హామీ ఉండి, ఆ మనిషి చేతులెత్తేస్తే, ఇల్లు ఎక్కడ పోతుందోనని రాత్రికి రాత్రే ఆలోచించి భార్య పేరున రాశాడు. రిజిస్ట్రారు ఆఫీసులో చూపించిన చోటల్లా ఆమె సంతకాలు పెట్టి, ఇంటికొచ్చి అన్నం వండింది. అప్పట్నుంచీ హాల్లో నలుగురు చేరినప్పుడల్లా "నేను మా ఆవిడింట్లో ఉంటున్నానండోయ్, అద్దె కూడా కట్టట్లా" అంటాడు. అందరూ నవ్వుతారు. కాఫీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వుతుంది. అందరితో పాటు తను కూడా దాన్ని జోకనే అనుకుంది, ఇవాళ్టి దాకా.

ఆమె చొక్కాలోంచి చెయ్యి బయటికి లాక్కుంది. చొక్కాని మడత కూడా పెట్టకుండా మాసిన బట్టల్లోకి విసిరింది. గాజుల్ని పైకి తోసుకుని, మోచెయ్యి బద్ద చివర ఆనించి, అరచెయ్యి చాపి పెట్టింది. బట్టల సబ్బుకి పగిలిన వేళ్ళు, మిరప తొడిమలకి నల్లబడ్డ గోళ్ళు.

"ఇది కొలువు" అంది.

బుడాన్ వెంటనే ముట్టుకోలేదు. నెత్తి గోక్కున్నాడు. "ఆడోళ్ళ మూర ఎప్పుడూ పెట్టలేదమ్మా."

"పెట్టగూడదని మీ ఆచారి గారు చెప్పారా?"

అతను నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "చెప్పలా" అన్నాడు చివరికి. "ఎవరూ అడగలా."

చెవి మీదున్న పెన్సిల్ తీసి ఆమెకే ఇచ్చాడు. ఆమె ఎడమచేత్తో, వంకరగా అయినా గట్టిగా, నడిమివేలి కొస దగ్గర గీత గీసింది. ఆ గీత మీద అతను ఉలితో గాటు పెట్టాడు. బద్ద పట్టుకుని వెళ్ళి వాకిలి ఎత్తూ వెడల్పూ కొలుస్తూ గొణుక్కుంటూ లెక్కేసుకున్నాడు. ఆమె వెనకే వెళ్ళి గోడకి ఆనించి ఉన్న గునపం తీసి పెరట్లో పడేసి వచ్చింది. కిటికీ ఉంచమని చెప్పింది. గడియ లోపలి వైపు పెట్టమంది.

"పాప వస్తందా అమ్మా?" అన్నాడు బుడాన్.

"రాదు. ఈ గది నాకు."

అతను ఆమె వంక ఒకసారి చూసి మళ్ళీ బద్ద వంక చూసుకున్నాడు. లెక్క మళ్ళీ వేశాడు. మొహంలో ఇబ్బంది కనిపిస్తూనే ఉంది. ఒక అడుగు ఇవతలికి వచ్చి, ఇంట్లో ఇంకెవరో వింటారన్నట్టు గొంతు తగ్గించాడు.

"మీ మూర చిన్నది, దీనికి ఒంటిరెక్క తలుపే వచ్చుద్దమ్మా. ఇందులోంచి పత్తి బోరెం పట్టదు. సార్ అడిగితే ఏం చెప్పమంటారు?"

"నేను పడతానా?"

బుడాన్ వాకిలి వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"మీకేందమ్మా, నిమ్మళంగా పడతారు."

"అయితే కొయ్యి" అంది దేవకుమారి.